తల, మెడ క్యాన్సర్‌కు రేడియేషన్: నోటిని, దవడను, మింగుడును కాపాడుకోవడం ఎలా

"రేడియేషన్ పెడతామన్నారు. ఇంట్లో మేం ఏం చేయాలి?" రేడియేషన్ విభాగంలో నర్సుగా ఉన్నన్నాళ్ళూ నన్ను అందరికంటే ఎక్కువగా అడిగిన ప్రశ్న ఇది. మిషను దగ్గర పని రోజుకు పది, ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. మిగతా రోజంతా నోటిని చూసుకోవాల్సింది మీరే. ఆ పని నొప్పి పుట్టాక కాదు, పుట్టకముందే మొదలుపెట్టాలి. ఈ రాత అందుకోసమే.

ముందు నాలుగు మాటలు. తల, మెడ క్యాన్సర్ అంటే నోరు, నాలుక, గొంతు, స్వరపేటిక, ముక్కు లోపలి భాగం, సైనస్‌లు, లాలాజల గ్రంథుల్లో వచ్చేవి. మెదడుది వేరు, అది ఇందులోకి రాదు. వీటిలో ఎక్కువ భాగం నోటి, గొంతు లోపలి పొరలో పుట్టే స్క్వామస్ సెల్ రకం. గడ్డ చిన్నదైతే ఆపరేషన్ గానీ రేడియేషన్ గానీ ఒక్కటే సరిపోవచ్చు. ముదిరితే ఆపరేషన్ చేసి ఆపైన రేడియేషన్, లేదా రేడియేషన్‌తో పాటే కీమో. ఆపరేషన్ లేకుండా ఇస్తే సాధారణంగా 70 గ్రే (గ్రే అంటే రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం) మోతాదును 35 సిట్టింగుల్లో, వారానికి అయిదు చొప్పున 7 వారాలు ఇస్తారు. ఆపరేషన్ తర్వాతైతే 60 నుంచి 66 గ్రే, 30 నుంచి 33 సిట్టింగులు. కొన్నిచోట్ల లెక్క వేరుగా ఉంటుంది, మీ డాక్టరు రాసిందే మీకు లెక్క.

ఇంకా ముక్క పరీక్ష (బయాప్సీ) దాకా రానివాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే: మూడు వారాలకు మానని నోటి పుండు, మూడు వారాలు దాటిన గొంతు బొంగురు, మెడలో తగ్గని గడ్డ, నోట్లో తెల్లని లేదా ఎర్రని మచ్చ, ఒకవైపే చెవిపోటుతో మింగితే నొప్పి. వీటిలో ఏది ఉన్నా ఈ వారమే డాక్టరుకు చూపించండి. నొప్పి లేదు కదా అని ఆగకండి, మొదట్లో చాలామందికి నొప్పి ఉండదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- బాగా మెత్తటి కుచ్చు ఉన్న టూత్‌బ్రష్‌లు రెండు మూడు
- పళ్ళ డాక్టరు రాసిచ్చిన ఎక్కువ ఫ్లోరైడ్ పేస్టు లేదా జెల్
- ఉప్పు, వంటసోడా, లీటరు సీసా
- నాలుక నొక్కి చూడటానికి డాక్టర్లు వాడే చెక్క పుల్లలు, ఓ కట్ట
- మిల్లీమీటర్ల గీతలున్న చిన్న స్కేలు, టార్చి
- బరువు చూసే యంత్రం, థర్మామీటరు
- ఒక నోట్‌బుక్కు. మొదటి పేజీలో ఆసుపత్రి పగటి నంబరు, రాత్రి నంబరు రాసి పెట్టండి.

చేయాల్సిన పనులు, వరసగా

1. అన్నిటికంటే ముందు పళ్ళ డాక్టరు. రేడియేషన్ తగిలిన దవడ ఎముకకు రక్తప్రసారం తగ్గుతుంది. ఆ తర్వాత పన్ను పీకిస్తే ఆ గాయం మానక ఎముక బయటపడే ప్రమాదం ఉంది, అది ఏళ్ళు గడిచినా పోదు. అందుకే పాడైన పళ్ళు ముందే తీయించుకోవాలి. పీకించాక చిగురు మానడానికి కనీసం 10 నుంచి 14 రోజులు, వీలైతే మూడు వారాలు కావాలి. ఆపరేషన్ అయినవాళ్ళకు మరో గడువు కూడా ఉంది: ఆపరేషన్ జరిగిన ఆరు వారాల్లోపు రేడియేషన్ మొదలవ్వాలంటారు. కాబట్టి కుట్లు మానేదాకా కూర్చోకుండా పళ్ళ పరీక్ష ఆ మధ్యలోనే చేయించండి. కట్టుడు పళ్ళుంటే అవీ చూపించండి, వదులైనవి ఒరుసుకుని పుండు చేస్తాయి.

2. మాస్కు రోజు. రేడియేషన్ గురి తప్పకుండా తల కదలనివ్వని ప్లాస్టిక్ మాస్కు తయారుచేస్తారు. వేడి నీళ్ళలో నానబెట్టిన జాలీ పలకను ముఖం మీద పరుస్తారు. తడిపి పిండిన వెచ్చని గుడ్డ కప్పినట్టు ఉంటుంది, కొద్ది నిమిషాల్లో గట్టిపడుతుంది. గడ్డం ముందురోజే తీసేయండి. ఆ రోజు జుట్టు ఎలా ఉంచుకున్నారో చివరిదాకా అలాగే ఉంచుకోండి. ఊపిరాడుతుంది, భయం లేదు. అయినా మూసి పెడితే గాభరా పడే స్వభావం ఉంటే ఆ మాట ముందే చెప్పండి. కళ్ళ దగ్గర కోసి ఇచ్చే వీలు చాలాచోట్ల ఉంటుంది, అవసరమైతే మందూ ఇస్తారు. చెయ్యి ఎత్తితే మిషను ఆపేస్తారు. బరువు తగ్గి మాస్కు వదులైనా, వాపుతో బిగుసుకున్నా వెంటనే చెప్పాలి. వదులైన మాస్కులో గురి చెదురుతుంది.

3. మొదటి సిట్టింగుకు ముందే మూడు కొలతలు రాసుకోండి. ఒకటి బరువు. రెండోది నోరు ఎంత తెరుచుకుంటోంది: పై ముందుపళ్ళ అంచు నుంచి కింది ముందుపళ్ళ అంచుదాకా స్కేలుతో. మూడోది ఒక గ్లాసు నీళ్ళు పొలమారకుండా తాగగలుగుతున్నారా లేదా. ఈ మూడూ లేకుండా మొదలుపెడితే ఆరో వారంలో "ఎంత తగ్గింది?" అని అడిగినప్పుడు చెప్పడానికి ఏమీ ఉండదు.

4. పుక్కిలించడం, మొదటి రోజు నుంచే. లీటరు గోరువెచ్చని నీళ్ళలో ఒక చెంచా ఉప్పు, ఒక చెంచా వంటసోడా కలపండి. చెంచా అంటే టీ చెంచానే. మెలకువగా ఉన్నంతసేపు రెండు గంటలకోసారి, తిన్న ప్రతిసారీ, పడుకునే ముందూ. నోట్లో అర నిమిషం తిప్పి ఉమ్మేయండి, మింగొద్దు. ఏ రోజుది ఆ రోజే కలపండి, మిగిలింది పారబోయండి. నోటిపూత ఎక్కువై ఉప్పు మంటగా ఉంటే ఉప్పు మానేసి వంటసోడా నీళ్ళే వాడండి, అదీ కష్టమైతే వట్టి గోరువెచ్చని నీళ్ళు. బెంజిడమైన్ పుక్కిలింత మందు డాక్టరు రాస్తే అదీ మంచిదే. ఆల్కహాల్ కలిసిన మౌత్‌వాష్ మాత్రం ముట్టుకోవద్దు, "క్రిములు పోతాయి" అని కొని తెచ్చుకుని పూతను రెట్టింపు చేసుకున్నవాళ్ళను చూశాను.

బ్రష్‌ను వేడి నీళ్ళలో నానబెట్టి మెత్తబరిచి రోజుకు రెండుసార్లు తోముకోండి. రాత్రి ఫ్లోరైడ్ పెట్టుకున్నాక అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు. పేస్టు రుచి మండిస్తే ఘాటు లేని రకం అడగండి, తోమడం మానకండి.

రెండో వారం చివర, మూడో వారంలో నోరు ఎర్రబడి పూత మొదలవుతుంది. అది రేడియేషన్ పనిచేస్తుండగా వచ్చేదే, మీరేదో తప్పు చేశారని కాదు. రోజూ టార్చి వేసి నోరు చూడండి. తెల్లని పొర కనిపిస్తే అందులో రెండు రకాలున్నాయి. పూత మీద అంటుకుపోయిన పొర ఒకటి. విరిగిన పెరుగులా తునకలు తునకలుగా ఉండి, గుడ్డతో తుడిస్తే ఊడొచ్చేది ఫంగస్ కావచ్చు. ఫంగస్‌కు వేరే మందుంది, ఎంత పుక్కిలించినా దానంతట అది పోదు. ఏది ఏదో తేల్చుకోవాలని గోకకండి, ఆ రోజే చూపించండి.

5. దవడ వ్యాయామం. అందరూ వదిలేసేది ఇదే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. నమిలే కండరాల మీద రేడియేషన్ పడితే అవి నెలల తరబడి మెల్లగా గట్టిపడుతూ పోతాయి. నోరు 35 మిల్లీమీటర్లకు మించి తెరుచుకోకపోతే దవడ బిగుసుకున్నట్టే లెక్క. ఆ తర్వాత చెంచా పట్టదు, బ్రష్ వెనక పళ్ళకు అందదు, డాక్టరు లోపలికి చూడలేరు.

చేసే పద్ధతి: అద్దం ముందు కూర్చుని నోరు నొప్పి పుట్టనంత వరకు తెరవండి. కాస్త లాగినట్టు ఉండాలి, పొడిచినట్టు ఉండకూడదు. ఏడు సెకన్లు ఉంచి మూయండి. ఇలా ఏడుసార్లు. రోజుకు ఏడు విడతలు. తర్వాత దవడను కుడికీ ఎడమకూ జరిపి కాసేపు అలాగే ఉంచండి. వట్టి తెరవడం చాలడం లేదనిపిస్తే చెక్క పుల్లలు వాడాలి. ముందుపళ్ళ మధ్య పట్టినన్ని పుల్లలు ఒకదానిమీద ఒకటి పేర్చి పెట్టి, మధ్యలోకి ఇంకొక పుల్ల మెల్లగా తోయండి. అలా కొద్ది నిమిషాలు ఉంచండి. ముందుపళ్ళు కదులుతుంటే పుల్లలు వద్దు, దవడ తెరిచే పరికరం గురించి అడగండి. దవడ ఎముకకు ఆపరేషన్ అయినా, చర్మం తెచ్చి అతికించినా సర్జన్ "సరే" అనేదాకా ఈ వ్యాయామం మొదలుపెట్టకూడదు.

ఒకాయన నోట్‌బుక్కు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. మొదటి పేజీలో 42 అని పెద్దంకె వేసి కింద గీత గీశారు. నాలుగో వారంలో 38. ఆ తర్వాత పేజీలు ఖాళీ. పూత నొప్పికి వ్యాయామం ఆపేశారు, ఇంట్లోవాళ్ళు కూడా "పాపం, ఎందుకులే" అన్నారు. రేడియేషన్ ముగిసి రెండు నెలలకు కొలిస్తే 27. పుల్లలు మళ్ళీ మొదలుపెట్టి రోజూ కూర్చుంటే 33 దాకా రావడానికి అయిదు నెలలు పట్టింది. 42 తిరిగి రాలేదు. బిగుసుకున్నాక సాగదీయడం కంటే బిగుసుకోకుండా ఆపడం ఎన్నో రెట్లు సులువు.

చూసుకునే విధానం: వారానికోసారి, ఒకే రోజు, ఒకే వేళకు స్కేలుతో కొలవండి. స్కేలు లేకపోతే మీ చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలు ఒకదానిమీద ఒకటి నిలువుగా పెట్టి ముందుపళ్ళ మధ్య పెట్టండి. మూడూ పడితే బాగుంది. రెండే పడితే ఈ వారమే డాక్టరుకు చెప్పాలి.

6. మింగే వ్యాయామాలు. మింగుడు కండరాలకు పని లేకపోతే అవి పని మరిచిపోతాయి. గొట్టంతో తిండి పెడుతున్నా సరే, మింగడం ప్రమాదమని డాక్టరు చెప్పనంతవరకు రోజూ కొద్దిగా నోటితో మింగుతూనే ఉండాలి. మింగుడు థెరపిస్టును మొదటి వారంలోనే ఒకసారి కలవండి. వాళ్ళు నేర్పేవాటిలో సాధారణంగా ఉండేవి మూడు:

- గట్టి గుటక: నాలుకను అంగిటికి అదిమిపెట్టి, గొంతు కండరాలన్నీ బిగించి, పెద్ద మాత్ర మింగుతున్నట్టు గుటక వేయండి. పదిసార్లు.
- నాలుక పట్టి గుటక: నాలుక కొసను ముందుపళ్ళ మధ్య మెల్లగా పట్టుకుని ఉమ్మి మింగండి. ఇది ఉమ్మితో మాత్రమే. నోట్లో నీళ్ళు గానీ తిండి గానీ పెట్టుకుని చేస్తే శ్వాసనాళంలోకి పోతుంది.
- గుటక ఆపి ఉంచడం: గొంతుముడి మీద వేళ్ళు పెట్టి గుటక వేయండి, అది పైకి లేస్తుంది. పైన ఉండగానే రెండు మూడు సెకన్లు బిగపట్టి వదలండి.

నోరు ఎండిపోయి గుటక పడకపోతే మొదటిదానికీ మూడోదానికీ మధ్యమధ్య చుక్క నీళ్ళతో నోరు తడుపుకోవచ్చు. వెల్లకిలా పడుకుని తల ఎత్తే వ్యాయామం కూడా ఉంది గానీ, మెడ ఆపరేషన్ అయినవాళ్ళు, మెడ ఎముకల బాధ ఉన్నవాళ్ళు అడగకుండా చేయకూడదు.

సరిగా మింగుతున్నారా అని చూడటానికి: నీళ్ళు తాగాక "ఆ..." అని సాగదీసి పలకండి. గొంతులో నీళ్ళు తిరుగుతున్నట్టు గరగరమంటే అవి పూర్తిగా దిగలేదు. తాగిన ప్రతిసారీ పొలమారుతున్నా, తిన్న తర్వాత దగ్గుతో జ్వరం వచ్చినా ఊపిరితిత్తుల్లోకి పోతోందని అనుమానించాలి. కొందరికి లోపలికి పోతున్నా దగ్గు కూడా రాదు. కాబట్టి మాటిమాటికీ జ్వరం, ఛాతీలో గురగుర కనిపించినా మింగుడు పరీక్ష అడగండి.

7. నొప్పి మందు, తిండి, బరువు. ఈ మూడూ ఒకే తాడు. నొప్పి మందు నొప్పి భరించలేనప్పుడు కాదు, వేళ ప్రకారం వేసుకోవాలి. ఒక మోతాదు తిండికి అరగంట ముందు పడేలా చూసుకోండి. మార్ఫిన్ రాస్తే "అలవాటైపోతుంది" అని దాచిపెట్టకండి. డాక్టరు చూస్తూ ఇచ్చి, పూత మానాక మెల్లగా తగ్గిస్తారు. దాంతో మలబద్ధకం వస్తుంది, దానికి మందు కూడా అదే రోజు అడిగి రాయించుకోండి. నోరు మొద్దుబార్చే జెల్ వాడితే వేడివి తినొద్దు, కాలినా తెలియదు.

రోజుకు మూడు పూటలు కాకుండా ఆరేడుసార్లు కొంచెం కొంచెంగా, మెత్తగా, జారుగా తినండి. కారం, పులుపు, వేడి, కరకరలాడేవి పక్కన పెట్టండి. మామూలు లెక్క ఏమిటంటే బరువు కిలోకు సుమారు 30 కేలరీలు, 1.2 గ్రాముల ప్రోటీన్ అయినా అందాలి. అంటే 60 కిలోల మనిషికి రోజుకు 1800 కేలరీలు, 72 గ్రాముల ప్రోటీన్. వట్టి పలచని ద్రవాలు కడుపు నింపుతాయి గానీ ఈ లెక్క నింపవు. అదే గ్లాసులో పాలపొడి, నూనె, ప్రోటీన్ పొడి కలిపి చిక్కన చేయండి. కిడ్నీ, షుగరు జబ్బులుంటే డైటీషియన్‌ను అడిగి చేయండి. రుచి పోతుంది, అది తిరిగి రావడానికి నెలలు పడుతుంది. అంతవరకు ఇష్టం కోసం కాదు, మందులా వేళకు తినాల్సిందే.

వారానికి రెండుసార్లు, పొద్దున్నే, ఒకే యంత్రం మీద బరువు చూడండి. నెలలో 5 శాతం తగ్గితే, అంటే 60 కిలోలకు 3 కిలోలు తగ్గితే, వచ్చే అపాయింట్‌మెంటు దాకా ఆగొద్దు.

8. గొట్టం పెడతామంటే. ముక్కు గొట్టమో పొట్ట గొట్టమో అనగానే చాలామంది "ఇక అయిపోయింది" అని ఏడుస్తారు. వాళ్ళ చెయ్యి పట్టుకుని నేను చెప్పేది ఒకటే: గొట్టం ఓటమి కాదు, రేడియేషన్ ఆగకుండా దాటించే వంతెన. తిండి పెట్టేటప్పుడు కూర్చోబెట్టి పెట్టండి, అయ్యాక అరగంట నుంచి గంట పడుకోనివ్వకండి. ముందూ వెనకా నీళ్ళతో గొట్టం కడగండి. ముక్కు గొట్టం మీద గుర్తు గీసి ఉంటుంది, అది జరిగితే ఏమీ పోయకుండా ఫోన్ చేయండి.

9. మెడ చర్మం. గోరువెచ్చని నీళ్ళు, మెత్తని సబ్బు, అద్ది తుడవడం. బ్లేడు, సెంటు, బిగుతు కాలరు, ఎండ వద్దు. మాస్కు కోసం వేసిన గుర్తులు చెరపకండి.

10. సిట్టింగు మానకండి. మధ్యలో గడువు పెరిగితే మిగిలిన క్యాన్సర్ కణాలు తిరిగి పెరగడానికి సందు దొరుకుతుంది. గడువు దాటిన ఒక్కో రోజుకు గడ్డ అదుపులోకి వచ్చే అవకాశం సుమారు 1 శాతం తగ్గుతుందని వైద్యుల అంచనా. అయిదో వారంలో నోరు మండిపోతుంటే "ఓ వారం విశ్రాంతి తీసుకుని వస్తాం" అనాలనిపిస్తుంది. అనకండి. బాధ తగ్గించే మార్గం అడగండి, రోజు మాత్రం వదలకండి. మిషను చెడి సిట్టింగు పోతే అది ఎప్పుడు సర్దుతారో మీరే అడగండి.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

పొగాకు, మద్యం "ఎలాగూ వచ్చేసింది కదా" అని కొనసాగించడం. రేడియేషన్ జరుగుతుండగా పొగ తాగితే దాని ఫలితం తగ్గుతుంది, పూత పెరుగుతుంది. ఆపినరోజు నుంచే లాభం.

ఎవరో చెప్పారని పెద్ద మోతాదు విటమిన్ బిళ్ళలు వేసుకోవడం మరొకటి. తల, మెడ క్యాన్సర్ రోగులకే విటమిన్ ఈ ఇచ్చి చూసిన పరిశోధనలో మేలు జరగలేదు, హానే కనిపించింది. ఏ బిళ్ళయినా, ఏ పసరైనా ముందు డాక్టరుకు చూపించండి.

కీమో రోజుల్లో చెవిలో హోరు, వినికిడి తగ్గడం, మూత్రం తగ్గడం "చిన్న విషయాలే" అని చెప్పకపోవడం ఇంకో పొరపాటు. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు చెవినీ కిడ్నీనీ దెబ్బతీయగలదు. తెలిస్తే మందు మార్చే వీలుంటుంది.

ఇవి కనిపిస్తే తెల్లవారేదాకా ఆగొద్దు

జ్వరం 38 డిగ్రీలు, అంటే ఫారెన్‌హీట్‌లో 100.4 దాటడం, ముఖ్యంగా కీమోలో ఉన్నవాళ్ళకు. ఊపిరి తీస్తుంటే ఈల వేసినట్టు చప్పుడు. నోట్లోంచి, గొంతులోంచి ఆగని రక్తం. ఒక రోజంతా నీళ్ళు కూడా దిగకపోవడం. జ్వరం మాత్ర వేసి చూద్దామనుకోకండి, అది జ్వరాన్ని దాస్తుంది గానీ కారణాన్ని పోగొట్టదు.

11. చివరి సిట్టింగు అయ్యాక. ఆ రోజు అందరూ మిఠాయి పంచుతారు, నాకూ సంతోషమే. కానీ ఇంటికి వెళ్ళేముందు ఒక మాట చెప్పి పంపుతాను: రాబోయే ఒకటి రెండు వారాలు నొప్పి ఇప్పటికంటే పెరగొచ్చు. రేడియేషన్ ఆగినా దాని పని ఇంకా సాగుతుంటుంది. మందులు, పుక్కిలింత, వ్యాయామం ఏదీ ఆపకండి. పూత సాధారణంగా కొద్ది వారాల్లో మానుతుంది. మూడు నెలలైనా మానని పుండు ఉంటే అది పూత అనుకోకూడదు.

గడ్డ పోయిందా లేదా అని చూసే పెట్ సీటీ స్కాన్ సాధారణంగా 12 వారాలకు చేస్తారు. తొందరపెట్టి ముందే చేయించుకుంటే మానుతున్న వాపు కూడా గడ్డలా కనిపించి లేనిపోని భయం పెడుతుంది. తిరగబెట్టేవి ఎక్కువగా మొదటి రెండేళ్ళలోనే తిరగబెడతాయి. అందుకే ఆ రోజుల్లో దగ్గరదగ్గరగా పిలుస్తారు, ఒక్కటీ తప్పకండి. మెడ మీద రేడియేషన్ పడినవాళ్ళు ఆరు నుంచి 12 నెలలకోసారి థైరాయిడ్ టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకోవాలి. నీరసం, బరువు పెరగడం చాలాసార్లు దానివల్లే. కొద్ది నెలలకు మెడ వంచితే వెన్నులో కరెంటు కొట్టినట్టు జివ్వుమంటే చెప్పండి, చాలామందిలో అది తనంతట తగ్గిపోతుంది.

దవడ వ్యాయామం కనీసం ఏడాది, ఫ్లోరైడ్, పళ్ళ పరీక్ష జీవితాంతం. లాలాజలం తగ్గిన నోట్లో పళ్ళు త్వరగా పుచ్చుతాయి. నాకు తెలిసిన ఒకావిడ రేడియేషన్ అయిన మూడేళ్ళకు పన్ను నొప్పంటూ ఎక్కడో పీకించుకున్నారు. అక్కడ ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఆ గాయం నెలలైనా మానక, ఎముక బయటపడి, చివరికి ఆపరేషన్ దాకా వెళ్ళింది. ఆసుపత్రి నుంచి వచ్చేముందు ఏ వైపు, ఎంత మోతాదు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అని రాసిన రేడియేషన్ సారాంశ పత్రం అడిగి తీసుకోండి. దాని నకలు పర్సులో, ఫొటో ఫోనులో ఉంచుకోండి. ఏ పళ్ళ డాక్టరు కుర్చీలో కూర్చున్నా నోరు తెరిచే ముందు అది చూపించండి.